చిలికాపై తెరచాప ప్రయాణము

(మన పాఠశాల సారస్వత సంఘ సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసపాఠము)



సారస్వత సంఘ కార్యదర్శి నేటి సాయంకాలము మాకు "యాత్రానుభవములు" అను విషయము నిచ్చి, అరగంట కాలము కేటాయించిరి. కాశీ రామేశ్వరముల ముచ్చట చెప్పుదుమని వారు తలచియుందురు. ఆ రెండు యాత్రలును మేము చేసితిమి. కాని వానిని గూర్చి మాకంటె చక్కగ చెప్పగల పెద్దలు ఈ సభలోనే పదిమంది కలరు. మేము చెప్పబోవునది మన బరంపురమునుండి గంటసేపు రైలు ప్రయాణమైనను లేని చోటి మాట. దానిని ఎన్నుకొనుటకు వేరొక కారణమును గలదు. గత ఫాల్గుణము మొదలుకొని మీలో పలువురు మా ఒడియా మిత్రుల కుడిచేయి సంగతి మమ్ము అడుగుచునే యున్నారు. ఊరిలో ఆ వార్త మూడు నాలుగు విధములుగ వ్యాపించినది. నావ బోల్తాపడినదని కొందరు, మేమిద్దరమును రాత్రియంతయు దీవిలో చిక్కుపడితిమని కొందరు చెప్పుకొనిరట. అయిదవ తరగతి బాలు డొకడు మొసలి మాట కూడ అడిగెను. జరిగినది జరిగినట్లు అందరి యెదుట ఒక్కసారి చెప్పివేసినచో మాకును విశ్రాంతి, మీకును విశ్రాంతి.

ఆ మిత్రులు మన పొరుగున నున్న ఒడియా ఉన్నత పాఠశాలలో చరిత్రోపాధ్యాయులు. మా స్నేహము ఇరువది యేండ్ల నాటిది. వారు మమ్ము "ఆజ్ఞా" అని సంబోధింతురు. మేము వారిని "మాస్టరుగారూ" అందుము. మేము ఒకరి భాష నొకరు నేర్చుకొన్న తీరు మాత్రము విచిత్రమైనది. వారు తెలుగు ధారాళముగ మాటలాడుదురు గాని ఒక్క అక్షరమైనను చదువలేరు. మేము ఒడియా పుస్తకములు చదువుదుము గాని, మేము ఆ భాషలో నోరు విప్పిన యెడల వారికి నవ్వు ఆగదు. బరంపురమున ఇట్టి జతలు చాలనే యుండును.

ప్రతి సంవత్సరము కార్తిక పూర్ణిమనాడు ఉత్కళ దేశమున అరటి దొప్పలతోను, కాగితముతోను చిన్న ఓడలు చేసి, దీపములు పెట్టి నీటిలో విడుతురు గదా. దానిని బొయిత వందన మందురు. పూర్వము సాధవులను వర్తకులు జావా, బలి దీవులకు ఓడలపై వెడలిన దానికి అది స్మారకము. మిత్రులు ఆ పాఠమును ఏటేట చెప్పువారు. ఒకనాడు వారు మాతో, "ఆజ్ఞా, ఇరువది రెండేండ్లుగ సాధవుల ఓడలను గూర్చి చెప్పుచున్నాను. తెరచాప క్రింద ఒక్క గంటయైనను కూర్చుండి యెరుగను. పిల్లవాడెవడైన గాలి ఎదురైనప్పు డేమి చేసిరని అడిగిన యెడల నాయొద్ద జవాబు లేదు" అనిరి. ఆ మాట మాకును తగిలినది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ గలదని మేమును మన పిల్లలకు చెప్పుచునే యున్నాము. మోటుపల్లి రేవునకు వచ్చు వర్తకులకు, ఓడలు తుపానులో చెడి ఒడ్డున పడినను వారి సరకును రాజు తీసికొనడని కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున అభయ శాసనము వేయించెనని కూడ చెప్పుచున్నాము. కాని ఓడ ఎట్లు చెడునో మాకు మాత్ర మేమి తెలియును? శనివారము, ఆదివారము రెండును సెలవు కలిసివచ్చిన వారమున రంభాకు పోవుటకు నిశ్చయించితిమి.

రంభా చిలికాకు దక్షిణపు కొసను గలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు గంజాము జిల్లాతో పాటు ఆ ఒడ్డు మదరాసు రాజధానిలోనిదే. చిలికా ఉప్పునీరును మంచినీరును కలియు సరస్సు. దాని వైశాల్యము వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వర్షకాలమున 1100కు మించును. 1981లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద మన దేశమునుండి మొదట చేరిన రెండు స్థలములలో ఇది యొకటి. పిదప ఇసుక మేటవేసి సముద్రపు ముఖద్వారము పూడిపోవుటచే నీరు చప్పబడి, గడ్డి పెరిగి, చేప తగ్గిపోయెను. 1993లో దీనిని ప్రమాదములో నున్న సరస్సుల పట్టికలో చేర్చిరి. 2000 సెప్టెంబరు 23న సముద్రమునకు క్రొత్త ముఖము త్రవ్విరి. 2002లో ఆ పట్టికనుండి దీని పేరు తొలగెను. ఈ సంఖ్యలు మా జ్ఞాపకశక్తిని ప్రదర్శించుటకు కాదు. నీరు బాగుపడిన కొలది అందులో వలకట్టు వేయువారును పెరిగిరి; ఆ సంగతి మా కథకు ముందు ముందు అవసరమగును.

రంభా రేవున శనివారము సాయంకాలము దిగి చూడగ అన్నియు ఇంజను పడవలే. తెరచాప పడవ కావలెనన్న మాటకు అచటి కుర్రవాండ్రు నవ్విరి. చివరకు ఒక వృద్ధ నోళియా దొరికెను. నోళియాలన మన తెలుగు మాటలాడు బెస్తవారు. గోపాలపురమునుండి పూరీవరకు కడలి యొడ్డున నుందురు, చిలికా యొడ్డునను కొన్ని పల్లెలు గలవు. వారి తెలుగు మన సిక్కోలు తెలుగునకు దగ్గర. ఆ పెద్ద మమ్ము ఎగాదిగ చూచి, "ఇంజిను నేకుండా ఎందుకు బాబూ? తెరసాప సూరులో ఉన్నాది. మా అయ్య నాటిది. గాలుంటే పోద్ది, నేకుంటే నేదు" అనెను. అతని మొదటి నావ 2013 అక్టోబరు 12 నాటి ఫైలిన్ తుపానులో చీలికలైపోయెనట. ఇప్పటిది దాని తరువాత అప్పు చేసి కట్టించుకొన్నది. అతనికి తోడు పదునారేండ్ల మనుమడు. వాడు మమ్ము చూచిన వెంటనే చేతులు వెనుకకు పెట్టుకొని నిలుచుండెను. మూడేండ్ల క్రిందట మన పాఠశాలలో చదివి, తొమ్మిదవ తరగతి నడుమ మానిన బాలుడు! తాతకు చూపు మందగించుటచే పడవకు వచ్చెను. వచ్చిన ఆషాఢమునకు సూరతు మరమగ్గములకు పోవలెనని వాని మేనమామ పిలుచుచుండెను. గంజాము జిల్లాలో ఇది ఇంటింటి కథ గనుక దీర్ఘముగ చెప్పనక్కరలేదు.

ఆదివారము తెల్లవారుజామున బయలుదేరితిమి. రేవున అద్దెకిచ్చు ప్రాణరక్షక చొక్కాలు, అనగా లైఫ్ జాకెట్లు, ఇద్దరమును తొడుగుకొంటిమి. మిత్రులకు ఈత రాదు. వారి సంచిలో అటుకులు, బెల్లము, కొబ్బరి. మా సంచిలో ఇంటినుండి తెచ్చిన పులిహోర. ఉదయపు గాలి మందముగ నుండెను. తెరచాప అప్పుడప్పుడు నిండి, అప్పుడప్పుడు వాలి, నావ నింపాదిగ సాగెను. ఇంజను మ్రోత లేకపోవుటచే నీటికోళ్లు మమ్ము చూచి బెదరలేదు. ఖల్లికోట రాజులు కట్టించిన బంగళా శిథిలములు గల దీవిని దొరలు ఫలాహారపు దీవి యనిరి. అచట దిగి మేమును ఫలాహారమే చేసితిమి. కంపెనీ కాలమున గంజాము అధికారిగ నుండిన స్నాడ్‌గ్రాస్ దొర కట్టించెనని చెప్పు గోపురాకారపు స్తంభము నీటి నడుమ రాతిపై నిలిచియున్నది. మిత్రులు దానిని చూచి దొర చరిత్ర పావుగంట చెప్పిరి. పడవ వృద్ధుడు విని, "ఆ రాయి కాడ సేప బాగా పడతాది" అనెను.

మిత్రులు మధ్యాహ్నమంతయు ఆ వృద్ధునికి శిష్యులైరి. గాలి ప్రక్కనుండి వచ్చునపు డేమి, ఎదురైనపు డేమి, వెనుకనుండి వచ్చునపు డేమి యని ప్రశ్నలమీద ప్రశ్నలు. ఎదురుగాలిలో తిన్నగ పోరాదు, కుడికి కొంత ఎడమకు కొంత మెలికలు తిరుగుచు పోవలెనని అతడు అరచేతిలో వ్రేలితో గీసి చూపెను. వెనుక గాలి సుఖమని మనము తలంతుము. అతడు మాత్రము తల త్రిప్పి, "ఎనక గాలే మోసం బాబూ" అనెను. ఎందుకో విద్యార్థులకు విప్పి చెప్పుదుము. గాలి వీపుమీదుగ వీచునపుడు తెరచాపను నావకు ఒక ప్రక్కకు చాచి విడుతురు. తలుపు బార్లా తెరచినట్లుండును. నావ కొన ఏ కారణముచేతనైన కొంత తిరిగినచో గాలి ఆ తలుపునకు వెనుకవైపునుండి దూరును. గాలివానలో మన తరగతి తలుపు ఎట్లు ధడాలున కొట్టుకొనునో మీరెరుగుదురు. అట్లే తెరచాప ఒక్క క్షణములో ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు విసురుగ వచ్చును. దాని అడుగు అంచునకు ఒక లావు వెదురు కట్టియుండును. అది నావలోని మనుజుల భుజముల యెత్తున, తలల యెత్తున తిరుగును. తెరచాప పడవలపై తగులు పెద్ద దెబ్బలలో ఇది అన్ని దేశములందును ప్రసిద్ధమైనది.

రెండు గంటలు దాటిన పిదప సముద్రపు గాలి లేచెను. ఫాల్గుణము వచ్చుసరికి చిలికాపై మధ్యాహ్నపు గాలికి బలము హెచ్చును. ఆగ్నేయమునుండి వీచుచు, రేవునకు తిరిగివచ్చు మమ్ము వెనుకనుండి త్రోయుచుండెను. తెరచాప ఎడమ ప్రక్కకు చాచియుండెను. వృద్ధుడు చుక్కాని పట్టి, బాలుడు తెరచాప మోకు పట్టి యుండిరి. మోకును చేతికి చుట్టుకొనరాదని, ఊరక పట్టుకొనవలెనని వాడు మిత్రులకు చూపుచుండుట మేము గమనించితిమి. మిత్రులు కొయ్య ప్రక్కన అడ్డుపలకపై కూర్చుండి, రేవు ఎంత దూరమున నున్నదో చూచుటకు సగము లేచిరి.

అప్పుడు వృద్ధునికి ముందర వెదురు గుంజలు కానవచ్చెను. రొయ్యల కొరకు వెదుళ్లు నాటి వల కట్టిన ఆవరణము. దానిని ఇక్కడ ఘేరి యందురు. వెదుళ్ల కొనలు నీటికి జానెడు మాత్రమే పైకి ఉండెను. ఉదయము ఆ దారిని రాలేదు. అచట అట్టి కట్టు నాలుగు దినముల క్రిందట లేదని వృద్ధుడు పిదప ప్రమాణముచేసి చెప్పెను. నావ తిన్నగ పోయిన యెడల అడుగు చీలును. అతడు చుక్కానిని బలముగ త్రోసి, "వంగండి బాబూ!" యని కేక వేసెను. మిత్రులకు ఆ మాట తెలియకపోలేదు. చెవికి చేరిన మాట నడుమునకు చేరుటకు పట్టు కాలమును ఆ వెదురు ఇయ్యలేదు. అది ఎడమనుండి వచ్చి వారి కుడి భుజమునకు పైభాగమున తగిలెను. వారు ప్రక్కకు కూలి పలకమీద పడిరి. నావ ఒరిగి, గుంజల నొకటి రెంటిని రాచుకొని, నిలిచెను. బాలుడు మోకు విడిచి తెరచాపను క్రిందికి దింపివేసెను. ఇంతయు జరుగుటకు, మేము దీనిని చెప్పుటకు పట్టిన కాలములో పదవ వంతైనను పట్టియుండదు.

మిత్రులకు స్పృహ తప్పలేదు. నుదుట చిన్న గాయము, నెత్తురు కొంచెము. కాని ముఖము పాలిపోయి, కుడిచేతిని ఎడమచేతితో పొట్టకు అదుముకొని, మాట లేక కూర్చుండిరి. మెడకు దిగువ నొక చోట చర్మము గుడారము వలె లేచియుండెను. వృద్ధుడు గడగడ వణకుచు, "బెణికింది బాబూ, సెయ్యి నాగి నూనె రాస్తే కూకుంటాది" అని చేయి చాచెను. అప్పుడు ఆ బాలుడు, మన పాఠశాలలో ఏనాడును గొంతెత్తి మాటలాడనివాడు, తాత చేతిని పట్టి యాపెను. "నాగకు తాతా. ఇరిగింది" అనెను. మేము మిత్రుల తల, మెడ, కన్నులు చూచుచుండగ వాడు మా కండువా అడిగి తీసికొని, మూలకు మడిచి మూడు కోణముల గుడ్డగ చేసి, మిత్రుల మోచేతి క్రిందుగ తెచ్చి, ముడి ఎడమ మెడ ప్రక్కకు వచ్చునట్లు కట్టెను. తరువాత తన తువ్వాలుతో ఆ చేతిని రొమ్మునకు చేర్చి వదులుగ కట్టెను. వ్రేళ్లు కదలించుమనెను. మిత్రులు కదలించిరి. వ్రేళ్లలో తిమ్మిరి యున్నదా యని అడిగెను. లేదనిరి. మణికట్టున నాడి చూడుమని మాతో చెప్పెను, చూచితిమి, కొట్టుకొనుచుండెను. ఇదియంతయు వాడు ఏడవ తరగతిలో స్కౌటు దళమున నేర్చినది. ఆనాడు కట్టు సరిగ కట్టలేదని మన స్కౌటు మాస్టరు వానిచేత మూడుసార్లు విప్పించి కట్టించిరట.

ఆ బాలుడు అడ్డుపడుట ఎంత మేలైనదో తరువాత వైద్యులు చెప్పిరి. రొమ్ముయెముకను భుజముతో కలుపు అడ్డయెముకను మీ శాస్త్ర పుస్తకమున జత్రుక యని చదివితిరి. లోకులు కాలరు ఎముక యందురు. దాని వెనుకగ చేతికి పోవు పెద్ద రక్తనాళములును, నరముల కట్టయు పోవును. విరిగిన కొనలను లాగి, రుద్దినచో అవి నరమును కోయవచ్చును, నాళమును చీల్చవచ్చును. అప్పుడు ఎముక అతికినను చేయి చచ్చుబడును. మిత్రులు కుడిచేతివారు. నల్లబల్లయు సుద్దముక్కయు తప్ప వేరు జీవనాధారము లేనివారు.

ఒడ్డు ఇంకను చాల దూరము. తెరచాప ఎత్తుటకు వృద్ధునికి ధైర్యము చాలలేదు. గెడతో త్రోయసాగిరి. అంతలో ఒడియా జాలరుల ఇంజను పడవ ఒకటి వచ్చెను. వారు వల వేయుటకు పోవుచున్నవారు. మా ఒడియా వారికి నవ్వు తెప్పించునదైనను ఆనాడు ఎవరును నవ్వలేదు. వారు మోకు విసరి మా నావను కట్టుకొని, అలలకు కుదుపు తగలకుండ మెల్లగ రేవునకు చేర్చిరి. డబ్బు ఇయ్యబోయిన మా చేతిని త్రోసివేసి, తిరిగి వలకు పోయిరి. ఆ సాయంకాలపు వేట వారికి సగము పోయినట్లే.

ఆసుపత్రి మాట క్లుప్తముగ చెప్పుదుము. దగ్గరనున్న చికిత్సాలయమున ఆదివార మగుటచే ఎక్స్‌రే గదికి తాళము. అచటి నర్సు కట్టు చూచి, "ఎవరు కట్టినది? దీనిని విప్పనక్కర లేదు" అని, నుదుటి గాయము కడిగి, 108 వాహనము పిలిపించెను. రాత్రి ఎనిమిదింటికి బరంపురము చేరితిమి. ఎముక నడుమ భాగమున విరిగి, కొనలు ఒకదానిపై నొకటి ఎక్కియున్నవి. చర్మము చిరుగలేదు గనుక శస్త్రచికిత్స అవసరము లేదని, ఆరు వారములు చేయి జోలెలో నుండవలెనని, తరువాత మెల్లమెల్లగ వ్యాయామము చేయవలెనని వైద్యులు నిర్ణయించిరి. పెద్దవారి కిది అతుకుటకు రెండు మూడు నెలలు పట్టునట. చిన్నపిల్లలకైన త్వరగ అతుకును. ఈ వయస్సులో ఎముక కూడ పింఛను కాగితము వలె ఆలస్యము చేయునని మిత్రులు ఆ బాధలోను పరిహాసమాడిరి.

మరునాటినుండి అసలు చిక్కు మొదలైనది. మిత్రుల బంధువులు పడవవానిపై పోలీసు ఫిర్యాదు చేయవలెనని పట్టుపట్టిరి. వారి కోపము సహజమే. వారి యింటి పెద్ద మంచముపై నున్నారు. ఒక బంధువు మాత్రము మా యెదుటనే, "తెలుగు నోళియాను నమ్మి పోతిరి, ఇట్లే యగును" అనెను. అచట మా సంగతి మరచి అన్నమాట గావచ్చును; మేము విననట్లే యుంటిమి. మిత్రులు వినిరి. దిండుకు ఆనుకొని కూర్చుండి, వారి భాషలో, చాల మెల్లగ, "చుక్కాని త్రిప్పకున్న యెడల నావ అడుగు చీలియుండును. నాకు ఈత రాదు. ఎముక విరిగినది గనుక మీతో మాటలాడుచున్నాను" అనిరి. ఫిర్యాదు మాట అంతటితో ఆగెను. ఆ పడవ చీటీ, రేవు అనుమతి పోయినచో ఆ ముదుసలికి అప్పు మిగులును, నావ మిగులదు. అతడు నాలుగవనాడు ఒక బుట్టలో పీతలు తీసికొని మిత్రుల గుమ్మమున కూర్చుండెను. ఆనాటి కిరాయి ఇచ్చిన డబ్బులు కొంగున ముడివేసి తెచ్చి అరుగుపై పెట్టెను. మిత్రులు పీతలు పుచ్చుకొని, డబ్బులు తిరిగి ఇచ్చిరి.

మా యభిప్రాయ మడిగినచో, తప్పు ఆ వెదురు గుంజలు నాటినవానిది. వాడెవడో ఎవరును చెప్పరు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చిలికా, పులికాటు సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల సాగు పరిశ్రమ నెలకొల్పరాదని తీర్పు చెప్పెను. పులికాటు మన నెల్లూరు సీమలోనిదే గావున తెలుగువారికి ఆ తీర్పు రెండు విధముల సంబంధించినది. ప్రభుత్వమువారు ఘేరీలను పలుమారులు తొలగించిరి. తొలగించిన చోటనే మరల లేచినవియు గలవు. డబ్బుగలవాడు నీటిలో కంచె వేయును. చిన్న జాలరి దానిని తప్పించుకొని తిరిగి తిరిగి పోవును. ఈ మాటను మన బడి పిల్లలలో సగము మంది మాకంటె బాగుగ ఎరుగుదురు; వారి తండ్రులు దినదినము ఆ నీటిమీదనే పోవుచున్నారు.

ఇక చేయి సంగతి. ఆరు వారములు జోలెలో నుండగ మిత్రులకు తోచుబడి కాలేదు. సాధవుల ఓడలపై వ్యాసము వ్రాయవలెనని తలపెట్టిరి. వ్రాయుటకు చేయి లేదు. వారి కుమారులు పై యూళ్లలో నున్నారు. ఆ బాలుడు తాత పంపిన చేప తీసికొని వారమునకు రెండుమార్లు వచ్చుచుండెను. ఒకనాడు మిత్రులు వానికి నోటుపుస్తక మిచ్చి, "నేను చెప్పెదను, నీవు వ్రాయుము" అనిరి. వానికి ఒడియా వినవచ్చును, మాటలాడవచ్చును. ఒడియా అక్షరములు మాత్రము కూడబలుకుకొని వ్రాయును. చెప్పు వేగమునకు చేయి అందదు. అందుచే వాడు మిత్రులు చెప్పిన ఒడియా మాటలను మన తెలుగు అక్షరములలో వ్రాసికొనసాగెను. మిత్రులకు తెలుగు అక్షరములు రావు గనుక అది వారికి తెలియలేదు. నలువది పుటలు నిండిన పిదప పుస్తకము తెరచి చూచి, తమ వ్యాసమును తామే చదువలేక, నవ్వుచు మాకు కబురు పంపిరి. మేము పోయి బిగ్గరగ చదివితిమి. మేము చదువగ వారు వినిరి. ఒడియా చదివి నవ్వించు మాకు ఒడియా వ్యాసమును తెలుగు లిపిలో చదువు భాగ్యము కలిగెను. మా ఉచ్చారణ ఈసారి బాగున్నదని వారనిరి.

ఆ వ్యాసములో చరిత్ర మిత్రులది. గాలి మాత్రము ఆ బాలునిది. ఎదురుగాలిలో సాధవు లేమి చేసియుందురని మిత్రులు అడుగుచుండగ వాడు చెప్పిన జవాబులు కూడ పుస్తకములో నున్నవి. వాడు తెలివిగ ఆ భాగములను తెలుగులోనే వ్రాసి, ప్రక్కన గీత గీసి పెట్టెను. మోకు పట్టుట, తెరచాప దించుట, మబ్బు చూచి గాలి చెప్పుట. ఇవి ఏ పాఠ్యపుస్తకమునను మేము చూడలేదు. మా అనుమతితో మన పత్రికలో ఆ భాగము నొకదానిని అచ్చువేయవలెనని సంపాదకులు అడుగుచున్నారు. అది మా అనుమతి కాదు, వానిది. వాని నడుగవలెను.

మిత్రుల యెముక అతికినది. అతికిన చోట చిన్న గడ్డ వలె మిగిలినది. చొక్కా వేసికొన్న కానరాదు. చేయి భుజము వరకు లేచును, అంతకు పైకి ఇంకను లేవదు. గత మాసము పాఠశాలకు తిరిగి పోయిరి. నల్లబల్లకు క్రింది సగము వారిది, పై సగమున విద్యార్థి యొకడు వారు చెప్పినది వ్రాయుచున్నాడు.

బాలుడు ఆషాఢమున సూరతుకు పోలేదు. మేనమామ టిక్కెట్టు డబ్బు పంపెను. అది యింకను తిరిగి పంపినట్లు లేదు. పదవ తరగతి పరీక్షకు ప్రైవేటుగ కట్టవలెనని మిత్రులు, మేము చెప్పుచున్నాము. తాత ఔననడు, కాదనడు. నావకు రెండవ మనిషి లేనిదే తాను నీటికి పోలేడు. దరఖాస్తు కాగితములు మా బల్లసొరుగులో నున్నవి. నేటి సభకు వత్తునని బాలుడు చెప్పెను. వెనుక వరుసలో చూచితిమి, ఇంకను వచ్చినట్లు లేదు. మధ్యాహ్నమునుండి గాలి బాగుగ నున్నది, వలకు పోయియుండును.

అరగంట దాటినట్లు కార్యదర్శి గడియారము చూపుచున్నారు.